సోలెడు పసుపు

మా ట్రాక్టరు రేడియేటరులో పసుపు పోసింది నేను. చెంచాడు కాదు, సోలెడు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పదమూడో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. పెరట్లో వంకాయలు పుచ్చిపోయినా, వీధిలో కుక్క కుంటినా అందులో ఉంటుంది. ఇది మాత్రం ఉండవలసిన తీరులో లేదు.

పోయిన నెల గుంటూరు నుంచి బెజవాడ వెళుతుంటే, మంగళగిరి కొండ కనబడే చోట మా బస్సు ముందు నుంచి ఆవిరి చిమ్ముతూ ఆగిపోయింది. అందరం దిగి రోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద నిలబడ్డాం. బస్సు ఆగితే మనవాళ్ళకి వచ్చే కోపం కన్నా, ఎందుకు ఆగిందో చెప్పే అవకాశం దొరికిందన్న సంతోషం ఎక్కువ. నేత చీరల మూట పక్కన పెట్టుకున్న ఒకాయన ఫ్యాను బెల్టు తెగిందన్నాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఇంకొకాయన డీజిల్లో కిరసనాయిలు కలిపారన్నాడు. బస్సు డ్రైవరు ఎవరి మాటా పట్టించుకోకుండా, ఆయిలు చూసే సన్నని ఊచ బయటికి లాగి ఎండలో పెట్టి చూశాడు. నల్లగా జారవలసిన ఆయిలు చిక్కని కాఫీ రంగులో నురగ కట్టి ఉంది. "హెడ్డు ప్యాకింగ్ పోయింది. నీళ్ళు ఆయిల్లో కలిశాయి" అన్నాను. నాలో నేను అనుకున్నాననుకున్నాను గాని, పైకే అన్నట్టున్నాను. చీరల మూటాయన నావైపు తిరిగి, "నీకెట్లా తెలుసమ్మా? మీ ఆయన మెకానిక్కా?" అని అడిగాడు. నాకింకా పెళ్ళే కాలేదు. ఆ సంగతి చెప్పడానికి కూడా సిగ్గేసి బస్సు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఎట్లా తెలుసో ఇప్పుడు చెబుతాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ప్రత్తిపాడుకి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. నల్లరేగడి, పత్తి, మిరప. ఎండాకాలం మొదట్లో ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉండేవి. గాలి మళ్ళిందంటే ఊళ్ళో పసిపిల్లల దగ్గర నుంచి పంతులుగారి దాకా ఒకేసారి తుమ్మేవాళ్ళు. మా ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడే మనుషులు. పక్కన కూర్చున్న మనిషిని కూడా పొలం అవతల ఉన్నట్టే పిలుస్తారు. నేనొక్కదాన్ని ఎట్లా పుట్టానో, నలుగురు కనబడితే నాలుక అంగిలికి అంటుకుపోయేది. ఒకసారి వచ్చి పది రోజులున్న మేనత్త నన్ను మూగపిల్లనుకుని, వెళ్ళేటప్పుడు మా అమ్మకి ఏ దేవుడికి మొక్కుకోవాలో చెప్పి వెళ్ళింది.

నాకున్నదల్లా పుస్తకాలు. అవి తెచ్చిపెట్టేది మా ట్రాక్టరు డ్రైవరు. ఊరికి దక్షిణాన క్రైస్తవపాలెంలో ఉండేవాడు. మా పొలంలో ఏడేళ్ళు కూలిపని చేస్తూ, అంతకుముందున్న డ్రైవరు పక్కన నిలబడి చూసి చూసి పని నేర్చుకున్నాడు. పాలెం మొత్తం మీద స్టీరింగు పట్టుకున్న మొదటి మనిషి అతనే. సాయంత్రం ట్రాక్టరు అటుగా వెళితే ముసలివాళ్ళు కూడా గుడిసెల బయటికొచ్చి చూసేవాళ్ళు. అతని భార్య మా కళ్ళంలో కాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని, దూరాన ఇంజను శబ్దం వినగానే, "అదుగో, మా ఆయన మూడో గేరేశాడు" అనేది. మిగతావాళ్ళు, "నీ కాపురం కూడా గేర్లలోనే నడుస్తందా ఏందే?" అని నవ్వేవాళ్ళు. ప్రత్తిపాడు వెళ్ళినప్పుడల్లా అతను నా పాత పుస్తకాలు లైబ్రరీలో ఇచ్చి, కొత్తవి తీసుకుని, సీటు కింద పనిముట్ల డబ్బాలో పెట్టుకొచ్చేవాడు. నేను చదివిన మంచి పుస్తకాలన్నీ డీజిలు వాసనే వేసేవి. అతను పెద్దగా చదువుకోలేదు. బరువుని బట్టి ఎంచి తెచ్చేవాడు. "పోయినసారి దానికన్నా లావుగా ఉందండి అమ్మాయిగారూ, వారం వస్తది" అని అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. అరుగు దాటి లోపలికి రావడానికి లేదు. అది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు ట్రాక్టరు రేడియేటరు కారుతోంది. అడుగున ఎక్కడో సూదిమొనంత రంధ్రం. టప్పు, టప్పుమని చుక్కలు. ఆ సాయంత్రమే మిరపకాయల టిక్కీలు, తొక్కి కుట్టిన గోనె బస్తాలు, ట్రాలీకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి చేర్చాలి, మర్నాడు పొద్దున బేరాలు. డ్రైవరు మధ్యాహ్నం మూడింటి దాకా సెలవడిగాడు, చర్చిలో ఆరాధన ఉందని. "మీ దేవుడు కూడా లోడు రోజే చావాలట్రా?" అన్నాడు నాన్న. కాని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు రోజంతా చిరాగ్గానే ఉన్నాడు.

చిన్న కారుడుకి మా వైపు డ్రైవర్లందరూ చేసే వైద్యం ఒకటుంది. రేడియేటరులో కొంచెం పసుపు పోస్తారు. అది నీళ్ళతో పాటు తిరిగి తిరిగి, రంధ్రం దగ్గర చేరి దాన్ని మూసేస్తుంది. పసుపు ఉండేది వంటింట్లో. అతను వంటింట్లోకి రాకూడదు, మా ఇంటి పసుపు డబ్బాలో చెయ్యి పెట్టకూడదు. అందుకని చర్చికి వెళ్ళే ముందు అరుగు కింద నిలబడి నన్ను పిలిచాడు. "అమ్మాయిగారూ, చెంచాడు పసుపు నీళ్ళల్లో కలిపి అందులో పొయ్యండి చాలు. మిగతాది నేనొచ్చి చూసుకుంటా." నేను నేల చూస్తూ తలూపాను. పోశాక ఏమవుతుంది, ఎంతసేపటికి ఆగుతుంది, ఏమీ అడగలేదు. అడగాలంటే తలెత్తాలి కదా.

చెంచాడు పోశాను. కిందికి వంగి చూశాను. టప్పు, టప్పు. ఇంకో చెంచా పోశాను. టప్పు. ఇంజను తిరిగి, నీళ్ళు వేడెక్కి పారితేనే పసుపు పని చేస్తుందని అతనికి ఎంత మామూలుగా తెలుసంటే, చెప్పాలని తోచి ఉండదు. నాకేమో, ఇంతమందిలో నన్ను నమ్మి ఒక పని చెప్పారు, అది కూడా సరిగ్గా చెయ్యలేనా అని పట్టుదల వచ్చింది. అమ్మ నిద్రపోతోంది. ఏడాదికి సరిపడా కొమ్ములు దంచి పెట్టుకున్న పసుపు, కొట్లో కొన్నట్టు మెత్తగా ఉండదు, పీచుగా గరుగ్గా ఉంటుంది. చెంచా పక్కన పడేసి తడి చేత్తోనే తీసి పోయడం మొదలుపెట్టాను. డబ్బా అడుగు కనబడేసరికి చుక్క ఆగిపోయింది. నాకు ఎంత ఆనందం వేసిందంటే, లోపలికెళ్ళి ఆ వేళప్పుడే డైరీ తీసి, "ఈ రోజు ట్రాక్టరు బాగుచేశాను" అని రాసుకున్నాను. డైరీలో ఉన్నది ఆ ఒక్క ముక్కే.

డ్రైవరు మూడు దాటాక వచ్చాడు. కింద తడి లేదు. మూత తీసి చూస్తే నీళ్ళు నిండుగా ఉన్నాయి. పసుప్పచ్చగా ఉన్నాయి, ఉండాల్సిందేగా. నాన్న అప్పటికే మడ్‌గార్డు మీదెక్కి కూర్చున్నాడు. బయల్దేరారు. దారిలో జరిగింది నేను చూడలేదు, తర్వాత అందరి మాటల్లోంచి ఏరుకున్నాను. వేడి చూపించే ముల్లు మా ట్రాక్టరుకి రెండేళ్ళుగా పని చెయ్యదు. బాగుచేయించమని డ్రైవరు అడిగినప్పుడల్లా, "నీ మొహానికి కళ్ళు లేవా, ముల్లెందుకురా?" అనేవాడు నాన్న. సగం దారిలో ఆవిరి కొట్టింది. డ్రైవరు ఆపి, చల్లారాక మూత తీశాడు. నీళ్ళు పైదాకా ఉన్నాయి. అంతుబట్టక నిలబడ్డాడు. "ఇక్కడే కాపరం పెడతావా? చీకటి పడితే యార్డులో చోటుండదు, పోనీ" అన్నాడు నాన్న. ఇంకో మూడు మైళ్ళు వెళ్ళేసరికి లోపల ఏదో పట్టేసినట్టు కీచుమని, ఇంజను ఆగిపోయింది. మిరపకాయలు వేరే వాళ్ళ ట్రాలీలో యార్డుకి పోయాయి. మా ట్రాక్టరుని శనివారం ఎడ్లతో ఇంటికి లాక్కొచ్చారు.

ఆదివారం పొద్దున గుంటూరు నుంచి మేస్త్రి వచ్చాడు. ఆ రోజు ఈస్టరు. డ్రైవరుని ఆరాధన మధ్యలోంచి పిలిపించాడు నాన్న. పండక్కి కుట్టించుకున్న తెల్ల చొక్కాతో, తలకి నూనె రాసుకుని వచ్చాడు. వెనకాలే అతని భార్య, తెల్ల చీరలో, గేటు బయట ఆగిపోయింది. అప్పటికే మా వాకిట్లో పదీ పన్నెండుమంది చేరారు. ఇంజను విప్పడమంటే మా ఊళ్ళో తోలుబొమ్మలాట కన్నా పెద్ద వేడుక. నేను వసారాలో స్తంభం వెనక నిలబడ్డాను. రెండు రోజులు రుద్దినా నా గోళ్ళల్లో పసుపు పోలేదు.

మేస్త్రి పెద్దవాడు, చెవుల మీద వెంట్రుకలున్న మనిషి. దేన్నీ తొందరపడి విప్పడు. ముందు ఆయిలు మూత తీసి వాసన చూశాడు. ఊచ లాగి, కొసనున్నది వేళ్ళ మధ్య రుద్ది, "మజ్జిగైపోయింది" అన్నాడు. ఇంజనుకి పైమూతలా ఉండే హెడ్డుకి బోల్టులు విప్పి, నలుగురి చేత ఎత్తించి, దాని కిందున్న ప్యాకింగ్‌ని అప్పడంలా పైకెత్తి అందరికీ చూపించాడు. రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య బొగ్గులా కాలి ఉంది. తర్వాత హెడ్డుని బోర్లించి, దాని మీద ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి, ఎండకి ఎదురుగా పట్టుకున్నాడు. స్కేలు కింద నుంచి సన్నటి వెలుతురు కనబడింది. "చూశారా, వంగిపోయింది. పోస్టుకార్డు దూరుద్ది" అన్నాడు. సిలిండరు గోడ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. గీతలు. ప్రతి గీతా ఎందుకొచ్చిందో ఒక మనిషి కథ చెప్పినట్టు చెబుతుంటే, భయం మరిచిపోయి వింటున్నాను. పుస్తకం చదవడం లాగే ఉంది. జరిగిపోయినదంతా ఆ ఇనుములో రాసి ఉంది, చదవగలిగిన వాడు కావాలి, అంతే.

"ఇది ఒక్కసారి కాగితే తగిలే దెబ్బ కాదండీ" అన్నాడు మేస్త్రి. "మొదట ఆవిరి కొట్టినప్పుడే ఆపేసుంటే ప్యాకింగ్‌తో పోయేది. ఆ తర్వాత కూడా తోలబట్టి హెడ్డు వంగింది, పిస్టన్లు గీరుకున్నాయి."

"విన్నావురా?" అన్నాడు నాన్న.

"నేను ఆపానండయ్యగారూ" అన్నాడు డ్రైవరు. "మీరే పోనీమన్నారు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న మొహం పండు మిరపకాయలా ఎర్రబడింది. మేస్త్రి ఆ మొహం వంక ఒకసారి చూసి, స్కేలు తుడుచుకుంటూ, "ఏదైనా బండి మీద కూర్చున్నవాడిదేలెండి బాధ్యత" అన్నాడు. కూర్చున్నది ఇద్దరూ. ఒకరు సీటు మీద, ఒకరు మడ్‌గార్డు మీద. ఆ తేడా అంతసేపు అన్నీ చదివిన మేస్త్రికి తెలియకపోలేదు.

ఇంక అసలు ఎందుకు కాగిందో తేల్చాలి. బెల్టు బాగుంది. నీళ్ళ పంపు తిరుగుతోంది. రేడియేటరు ఊడదీసి, పైన బిందెడు నీళ్ళు పోశాడు. కిందికి ఒక్క చుక్క రాలేదు. "తిరగేసి పట్టుకోరా" అన్నాడు. డ్రైవరు దాన్ని తలకిందులుగా ఎత్తి రొమ్ముకి ఆనించి పట్టుకున్నాడు. మేస్త్రి సన్న ఊచతో పొడిచాడు. ముద్దముద్దగా పసుపు బురద జారి, ఆ తెల్ల చొక్కా మీదుగా పంచె దాకా కారింది.

"ఎవరి వంటండీ బాబూ ఇది?" అని నవ్వాడు మేస్త్రి. "పెళ్ళి పప్పులో కూడా ఇంత వెయ్యరు." అందరూ నవ్వారు. పెళ్ళికొడుకుని చేశార్రా అని ఒకడన్నాడు. డ్రైవరు కూడా ముందు నవ్వబోయాడు. నాన్న నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

"ఎంత పోశావురా?"

"నేను పొయ్యలేదయ్యగారూ. చెంచాడు పొయ్యమని అమ్మాయిగారికి చెప్పి ఆరాధనకెళ్ళా."

వాకిట్లో మనుషులందరూ స్తంభం వైపు తిరిగారు. నాన్న మెత్తగానే అడిగాడు. "ఏమ్మా? నువ్వెంత పోశావు?"

నేనే పోశానని చెబుదామనుకున్నాను. రాత్రంతా ఆ మాటలు పేర్చుకుని పెట్టుకున్నాను కూడా. అంతమంది మొహాలు ఒక్కసారిగా నా మీద వాలేసరికి, ఎట్లాగైనా ఆ చూపులు నా మీద నుంచి పోవాలన్న ఒక్క కోరిక తప్ప ఇంకేమీ మిగల్లేదు. "ఒక్క చెంచానే పోశాను నాన్నా" అన్నాను. నా గొంతు ఎంత స్పష్టంగా వచ్చిందంటే, నాకే ఆశ్చర్యం వేసింది. పుట్టిన దగ్గర నుంచి పదిమంది ముందు నేను మాట్లాడిన మొదటి మాట అది. "అబ్బో, పిల్లకి మాటలొచ్చే!" అంది పక్కింటి పెద్దమ్మ.

"అమ్మాయిగారూ, మా మొహం చూసి చెప్పండమ్మా" అంది గేటు బయట నుంచి అతని భార్య.

"నోరు మూసుకోవే" అన్నాడు నాన్న. తర్వాత నింపాదిగా నలుగురికీ వినబడేటట్టు చెప్పాడు. "పండగ పూట పనికి రమ్మన్నానని కడుపులో పెట్టుకున్నాడు. చర్చి నుంచొచ్చి పోసుంటాడు. కావాలని కాల్చాడు నా బండిని." చెప్పడం అయ్యాక కొట్టాడు. రేడియేటరు ఇంకా అతని చేతుల్లోనే ఉంది. కింద పడేస్తే అది కూడా నేరమవుతుందని కాబోలు, రెండు దెబ్బలకీ దాన్ని వదల్లేదు. నాన్న అతని జేబులోంచి తాళంచెవి తనే తీసుకున్నాడు. "ఈ చుట్టుపక్కల ఎవడి స్టీరింగు ముట్టుకున్నా చేతులు విరుస్తా" అన్నాడు. అతను రేడియేటరుని పిల్లవాణ్ణి పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా గోనె మీద పెట్టి, స్తంభం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ ఖాళీ పసుపు డబ్బాని కడిగి బోర్లిస్తోంది. నిమ్మచెక్క ఒకటి చేతిలో పెట్టి, "గోళ్ళు రుద్దుకో, మీ నాన్న అన్నానికొస్తాడు" అంది. ఆయన వచ్చాడు. నేనే వడ్డించాను. నా చేతుల వంక ఒక క్షణం చూసి, "పచ్చడి వెయ్యి" అన్నాడు. నాన్నకి తెలుసు. మేస్త్రికీ తెలిసే ఉంటుంది. ఆ వాకిట్లో తెలియని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఇప్పుడు అనుమానం. ఇంజనుకి ఏమైందో అందరికీ తెలిశాక కూడా, ఎవరు చేశారన్నది మాత్రం ముందే నిర్ణయమైపోయి ఉంది.

ఆ వేసవంతా అతను మా కళ్ళంలోనే భార్య పక్కన కూర్చుని, రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరాడు. ఆడవాళ్ళు మొదట్లో, "ఇప్పుడు ఏ గేరులో ఉన్నావు?" అని అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళే మానేశారు. నాన్న మాట యార్డు దాకా పాకింది. ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. మరుసటి ఏడు భార్య పుట్టిల్లు దర్శి వైపని అక్కడికి వెళ్ళిపోయారు. నాకు పుస్తకాలు తెచ్చేవాళ్ళు లేక, సొంతంగా బస్సెక్కి ప్రత్తిపాడు వెళ్ళడం నేర్చుకున్నాను. ఆ బస్సే మెల్లగా ట్రైనింగు దాకా, ఉద్యోగం దాకా తీసుకెళ్ళింది. అతని నష్టంలోంచి నాకు లాభమే వచ్చిందని రాయడానికి చెయ్యి ఆగుతోంది, కాని నిజం.

పోయిన ఏడాది దర్శి దగ్గర ఒక బడిలో టీచరుగా చేరాను. పత్తి తీతలప్పుడు, ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్కన ట్రాలీలో పత్తి తొక్కుతూ అతను కనబడ్డాడు. కనుబొమల మీద కూడా దూది. నన్ను గుర్తుపట్టి దిగి వచ్చి, "బాగున్నారా అమ్మాయిగారూ?" అన్నాడు. ఆ పత్తి రైతు నా క్లాసులో చదివే ఒక పిల్ల తండ్రి. ఆయన కూడా దగ్గరికొచ్చాడు. "టీచరుగారూ, ఇతను మీ ఊళ్ళో ఉండేవాడంటగా. మా డ్రైవరు మానేశాడు. ట్రాక్టరు తోలటం వచ్చంటున్నాడు ఇతను. ఇవ్వొచ్చంటారా?"

"బాగా తోలతాడండి" అన్నాను. ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

"మరి మీ నాన్నగారి ఇంజను కావాలని కాల్చాడని మా బావమరిది అన్నాడే. నిజమేనా?"

డ్రైవరు నా వైపు చూస్తున్నాడు. అతని చేతులు, స్టీరింగు పట్టుకోవడానికి ఎత్తినట్టు, కొంచెం పైకి లేచి ఆగాయి. అక్కడ ఉన్నది ముగ్గురమే. నాన్న లేడు, స్తంభం లేదు, జనం లేరు. కాదండీ, పోసింది నేను. ఇంతే అనాలి. నా చూపు సంచి పట్టీ మీదికి జారింది. దాని కుట్టు ఒక చోట ఊడి ఉంది. రైతు నా వంక చూసి, తనే నవ్వేశాడు. "సరేలెండి టీచరుగారూ, మొహమాటస్తులు, మీరెట్లా చెప్తారు? నాకు అర్థమైంది." అని, బీడీ వెలిగించుకుంటూ ట్రాక్టరు వైపు వెళ్ళిపోయాడు.

కాలం మనుషుల్ని మారుస్తుందని నేను చదివిన లావు పుస్తకాలన్నింట్లోనూ ఉంది. నాకు ఏడేళ్ళు ఇచ్చింది కాలం. అతని జుట్టు నెరిసింది, నా చేతికి గడియారం వచ్చింది, అంతకుమించి ఏమీ కాలేదు. మా బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. అతను ట్రాలీ ఎక్కబోతూ ఆగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మీరు ఎప్పటికీ ఇంతేనాండీ, అమ్మాయిగారూ?"